దీపస్తంభం మీది 5జీ: అనుమతి, భద్రత, పౌరుల బాధ్యత

తిరువళ్ళూరు, తిరుత్తణి పట్టణాలలో నివసించే తెలుగు కుటుంబాలకు చేతిఫోనే నేడు బ్యాంకు, తపాలా కార్యాలయం, రైలు టికెట్ల కౌంటరు. కర్మాగారంలో చేసిన పనికి కూలి జమ అయిన సమాచారం దానికే వస్తుంది. స్వగ్రామంలోని తల్లిదండ్రులకు డబ్బు దాని ద్వారానే వెళుతుంది. కనుక ఆ ఫోనును మోసే నెట్‌వర్క్ మారుతున్నప్పుడు, ఆ మార్పు ఏ చట్టం ప్రకారం జరుగుతున్నది, అందులోని ప్రమాదాలేమిటి, వాటిని ఎవరు అరికట్టాలి అన్న ప్రశ్నలు మన ఇంటి ఆదాయానికీ భద్రతకూ నేరుగా సంబంధించినవి. ఐదవ తరం వైర్‌లెస్ నెట్‌వర్క్, అనగా 5జీ, విషయంలో పౌరులు తెలుసుకోదగిన ముఖ్యాంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇంతవరకు జరిగినది

5జీ సేవల కొరకు కేంద్ర ప్రభుత్వం 2022 జులై 26 నుండి ఆగస్టు 1 వరకు స్పెక్ట్రమ్ వేలం నిర్వహించింది. ఏడు రోజులలో 40 విడతలుగా సాగిన ఆ వేలంలో 72,098 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌కు గాను 51,236 మెగాహెర్ట్జ్ అమ్ముడుపోయింది. ప్రభుత్వానికి సుమారు 1,50,173 కోట్ల రూపాయల బిడ్లు లభించాయి. అదే సంవత్సరం అక్టోబర్ 1న ప్రధానమంత్రి న్యూఢిల్లీలో 5జీ సేవలను ప్రారంభించారు. తొలి దశలో సేవలు అందిన నగరాలలో చెన్నై, హైదరాబాదు ఉన్నాయి. 2025 నాటికి దేశంలోని 776 జిల్లాలలో 773 జిల్లాలకు 5జీ చేరినట్లు ప్రభుత్వం ప్రకటించింది.

జిల్లాకు చేరడం వేరు, వీధికి చేరడం వేరు. ఈ భేదం రేడియో తరంగాల స్వభావం నుండి పుట్టినది. 700 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్య తరంగాలు చాలా దూరం పయనిస్తాయి, గోడలను దాటుతాయి. అయితే ఒకేసారి మోయగల సమాచారం పరిమితం. 3300 మెగాహెర్ట్జ్ శ్రేణి వేగానికీ దూరానికీ మధ్యేమార్గం. 26 గిగాహెర్ట్జ్ శ్రేణిలో వేగం అత్యధికం, కాని సంకేతం కొన్ని వందల మీటర్లలోనే బలహీనపడుతుంది. గోడ గాని, గుబురు చెట్టు గాని అడ్డమైతే ఆగిపోతుంది. అందువలన పాత పద్ధతిలో ఊరికి నాలుగు ఎత్తైన టవర్లు నిలిపితే సరిపోదు. జనసమ్మర్దం గల బజారులో, బస్సు నిలయంలో, ఆడికృత్తిక నాడు లక్షలాది భక్తులు వచ్చే తిరుత్తణి కొండ పరిసరాలలో చిన్న చిన్న పరికరాలను దగ్గరదగ్గరగా అమర్చవలసి వస్తుంది. వీటినే స్మాల్ సెల్స్ అంటారు. వీటికి అనువైన చోటు వీధి దీపస్తంభం. ఢిల్లీలో వేలం వేసిన స్పెక్ట్రమ్ చివరకు పురపాలక సంఘపు స్తంభం మీదికి వచ్చి చేరడానికి కారణం ఇదే.

స్తంభం ఎవరిది, అనుమతి ఎవరిది

రోడ్డు తవ్వి కేబుల్ వేయడానికి, ప్రభుత్వ స్థలంలో టవర్ నిలపడానికి, స్తంభానికి పరికరం బిగించడానికి ఇచ్చే అనుమతిని మార్గహక్కు అంటారు. దీనికి 2016లో కేంద్రం తొలిసారి ప్రత్యేక నిబంధనలు చేసింది. 2022 ఆగస్టులో వాటిని సవరించి, వీధి స్తంభం మీద స్మాల్ సెల్ అమర్చడానికి ఒక్కొక్క స్తంభానికి పట్టణ ప్రాంతంలో సంవత్సరానికి 300 రూపాయలు, గ్రామీణ ప్రాంతంలో 150 రూపాయలుగా రుసుము నిర్ణయించింది. దరఖాస్తులన్నీ ఒకే చోట స్వీకరించడానికి గతిశక్తి సంచార్ పోర్టల్ 2022 మే నెలలో ఏర్పడింది. ఆ తరువాత వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023 క్రింద కొత్త మార్గహక్కు నిబంధనలు రూపొంది 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చాయి.

ఈ నిబంధనల సారాంశం మూడు మాటలలో చెప్పవచ్చు. స్థానిక సంస్థ నిర్ణీత గడువులోగా దరఖాస్తుపై నిర్ణయం తెలపాలి. వసూలు చేసే మొత్తం నిబంధనలు విధించిన గరిష్ఠ పరిమితిని మించరాదు. తిరస్కరించినట్లయితే కారణం వ్రాతపూర్వకంగా చూపాలి. గడువు దాటినా సమాధానం లేకపోతే అనుమతి లభించినట్లే పరిగణించబడుతుంది.

ఇక్కడ పట్టణ పౌరుడు గమనించవలసిన ఆర్థికాంశం ఒకటి ఉన్నది. మొబైల్ టవర్లపై ఆస్తి పన్ను విధించే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని అహ్మదాబాద్ నగరపాలక సంస్థకు సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. అయితే 2023 నాటి చట్టం, టెలికాం నెట్‌వర్క్‌ను అది నిలిచి ఉన్న ఆస్తి నుండి వేరుగా పరిగణించి, ఆస్తి పన్ను వంటి విధింపుల విషయంలో ఆ ఆస్తిలో భాగంగా చూడరాదని పేర్కొన్నది. దీనికి అనుకూలంగా చెప్పే వాదన బలమైనదే: రుసుములు ఊరికొక తీరుగా ఉంటే నెట్‌వర్క్ విస్తరణ మందగిస్తుంది, ఆ భారం చివరకు వినియోగదారుని రీచార్జి మీద పడుతుంది. మరొక వాదన కూడా కొట్టివేయదగినది కాదు. స్తంభం వంగినా, తవ్విన రోడ్డు వానకు కుంగినా ప్రజలు ముందుగా వచ్చేది పురపాలక కార్యాలయానికే. ఆదాయం తగ్గి బాధ్యత పెరిగినప్పుడు చిన్న పట్టణాల పురపాలక సంఘాలకు నిర్వహణ కష్టమవుతుంది. కనుక అనుమతి ఇచ్చే సమయంలోనే స్తంభం బరువు మోయగలదా, విద్యుత్ తీగలకు తగిన ఎడం ఉన్నదా, తవ్విన చోటును పూర్వస్థితికి తెచ్చే బాధ్యత ఎవరిది అన్న షరతులను స్పష్టంగా వ్రాసుకోవడం అవసరం.

తవ్వకాల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసినది. స్మాల్ సెల్ గాలిలో పలికినా, దాని ప్రాణం భూమిలోని ఆప్టికల్ ఫైబర్‌లోనే ఉన్నది. భూగర్భ మురుగుకాలువ పనికో, తాగునీటి గొట్టానికో సమన్వయం లేకుండా తవ్వినప్పుడు ఫైబర్ తెగిపోతుంది. ఇటువంటి నష్టం దేశంలో ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయలని ప్రభుత్వ అంచనా. తవ్వే ముందు భూగర్భంలో ఏమున్నదో తెలుసుకోవడానికి ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్‌ను 2023 మార్చి 22న ప్రారంభించారు. గుత్తేదారులు మాత్రమే గాక, సొంత ఇంటి ముందు జేసీబీ పెట్టించే గృహస్థులు కూడా దానిని ఉపయోగించడం మంచిది.

సరిహద్దు పట్టణాల ప్రత్యేక సమస్య

1960 ఏప్రిల్ 1 వరకు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో భాగం. పటాస్కర్ సిఫారసుల మీద జరిగిన సరిహద్దుల మార్పుతో అది మద్రాసు రాష్ట్రంలో చేరింది; 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలోనికి వచ్చింది. రాష్ట్రాల సరిహద్దు అటూ ఇటూ బంధుత్వాలను ఆపలేదు. రేడియో తరంగాలు కూడా ఆ గీతను గుర్తించవు.

మన దేశంలో టెలికాం సేవలు 22 సర్కిళ్ళుగా విభజించబడ్డాయి. స్పెక్ట్రమ్‌ను సర్కిల్ వారీగా అమ్ముతారు. తిరుత్తణి తమిళనాడు సర్కిల్‌లో ఉండగా, నగరి, పుత్తూరు ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఉన్నాయి. సరిహద్దుకు ఇరువైపులా ఒకే పౌనఃపున్యాన్ని వేరువేరు సంస్థలు వాడే అవకాశం ఉన్నందున, ఒక వైపు సంకేతం మరొక వైపునకు పొంగిపొర్లకుండా ఆంటెన్నాల దిశను, శక్తిని అదుపులో ఉంచాలి. 3300 మెగాహెర్ట్జ్ శ్రేణిలో మరొక చిక్కు కలదు. ఆ శ్రేణిలో పంపడం, అందుకోవడం ఒకే తరంగం మీద వంతులవారీగా జరుగుతాయి. ఇరుగుపొరుగు టవర్ల గడియారాలు సెకనులో అత్యల్ప భాగం తేడా లేకుండా కలిసి నడవకపోతే, ఒకటి వినే సమయంలో మరొకటి అరచినట్లవుతుంది. ఈ గడియారాలు సాధారణంగా ఉపగ్రహ సంకేతం మీద ఆధారపడతాయి. కనుక ఉపగ్రహ సంకేతానికి ఎవరైనా అంతరాయం కలిగిస్తే నెట్‌వర్క్ కూడా తడబడుతుంది. నగరి దారిలోనో, ఊత్తుకోట పరిసరాలలోనో ఫోను ఒక సర్కిల్ నుండి మరొక సర్కిల్‌కు మారేటప్పుడు మాట తెగిపోవడం మీ అనుభవంలో ఉంటే, స్థలం, సమయం గుర్తుంచుకొని మీ సంస్థకు ఫిర్యాదు చేయండి. ఇటువంటి ఫిర్యాదులే సరిహద్దు సర్దుబాట్లకు ఆధారమవుతాయి.

భద్రత: యంత్రం ఎవరు చేశారు

5జీ నెట్‌వర్క్‌లో మునుపటి తరాలకంటే సాఫ్ట్‌వేర్ పాత్ర చాలా ఎక్కువ. ఒకప్పుడు ప్రత్యేక యంత్రాలు చేసిన పనిని ఇప్పుడు సాధారణ కంప్యూటర్లపై నడిచే ప్రోగ్రాములు చేస్తున్నాయి. ఒకే నెట్‌వర్క్‌ను ముక్కలుగా విభజించి ఒక భాగాన్ని ఆసుపత్రికి, మరొక భాగాన్ని కర్మాగారానికి కేటాయించవచ్చు. లాభం గొప్పది. కాని సాఫ్ట్‌వేర్‌లో లోపమున్నా, తయారీదారు రహస్య ద్వారం ఉంచినా, దాని ప్రభావం ఒక టవర్‌తో ఆగక నెట్‌వర్క్ అంతటికీ వ్యాపించగలదు.

ఈ భయంతోనే ఆస్ట్రేలియా 2018లో తన 5జీ నెట్‌వర్క్‌ల నుండి చైనా సంస్థలను దూరంగా ఉంచింది. 2027 చివరికి హువావే పరికరాలను 5జీ నుండి పూర్తిగా తొలగించాలని బ్రిటన్ 2020లో నిర్ణయించింది. మన దేశంలో కేంద్ర మంత్రివర్గ భద్రతా వ్యవహారాల సంఘం 2020 డిసెంబర్‌లో టెలికాం రంగానికి జాతీయ భద్రతా ఆదేశాన్ని ఆమోదించింది. 2021 జూన్ 15 నుండి, విశ్వసనీయ మూలాలుగా గుర్తింపు పొందిన తయారీదారుల పరికరాలనే సంస్థలు తమ నెట్‌వర్క్‌లలో కొత్తగా అమర్చాలి. దానికి ముందు, 2021 మే నెలలో 5జీ ప్రయోగాలకు అనుమతి ఇచ్చినప్పుడు ఎరిక్‌సన్, నోకియా, శాంసంగ్, సీ-డాట్ వంటి సంస్థల పరికరాలతో చేసిన ప్రతిపాదనలే ఆమోదం పొందాయి.

స్వదేశీ సామర్థ్యం కూడా దీనికి తోడుగా పెరగాలి. ఐఐటీ మద్రాస్ నాయకత్వంలో ఎనిమిది సంస్థలు సుమారు 220 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన 5జీ పరీక్షా వేదిక 2022 మేలో ప్రారంభమైంది. ఐఐటీ హైదరాబాద్ అందులో భాగస్వామి. పొరుగున శ్రీపెరుంబుదూరు, ఒరగడం ప్రాంతంలోని కర్మాగారాలలో నెట్‌వర్క్ పరికరాల తయారీ జరుగుతున్నది. ఆ పారిశ్రామిక వాడలకు పనికి వెళ్ళే మనవారు దేశ భద్రతలో తమకు తెలియకుండానే పాలుపంచుకుంటున్నారు.

పరికరం మంచిదైనంత మాత్రాన చాలదు. దానిని నడిపే సంస్థ మెలకువగా ఉండాలి. 2024 నవంబర్‌లో వెలువడిన టెలికాం సైబర్ భద్రతా నిబంధనల ప్రకారం, భద్రతా సంఘటన ఏదైనా తెలిసిన ఆరు గంటలలోగా సంస్థ కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాలి. 24 గంటలలోగా మరిన్ని వివరాలు సమర్పించాలి. ప్రతి సంస్థ ఒక ప్రధాన భద్రతాధికారిని నియమించాలి. చట్టం ప్రభుత్వానికి కూడా విస్తృతాధికారాలు ఇచ్చింది: ప్రజాభద్రత దృష్ట్యా సేవలను తాత్కాలికంగా నిలిపివేయవచ్చు, సందేశాలను అడ్డగించి పరిశీలించవచ్చు. ఈ అధికారం అవసరమే అయినా, కూలిపనివారి రోజు సంపాదన ఫోను మీద ఆధారపడినప్పుడు నిలుపుదల ఎంతకాలం, ఎంత ప్రాంతంలో అన్నది చిన్న విషయం కాదు. వ్రాతపూర్వక ఆదేశం, సమీక్ష అన్న నియమాలు అందుకే ఏర్పడ్డాయి.

మీ ఫోను గుర్తింపు ఎంత గోప్యం

పాత తరాలలో ఫోను టవర్‌ను మొదటిసారి పలకరించేటప్పుడు సిమ్ గుర్తింపు సంఖ్యను బహిరంగంగా పంపే సందర్భాలు ఉంటాయి. దీనిని ఆసరాగా తీసుకొని నకిలీ టవర్ వలె నటించే పరికరాలు ఎవరు ఎక్కడ ఉన్నారో పసిగట్టగలవు. 5జీలో ఈ గుర్తింపును రహస్య సంకేతంగా మార్చి పంపే ఏర్పాటు ఉన్నది. కాని అది స్వతంత్ర 5జీ నెట్‌వర్క్‌లోనే పూర్తిగా వర్తిస్తుంది. కొన్ని సంస్థలు తొలుత 4జీ పునాది మీదనే 5జీ రేడియోను నిలిపాయి. అటువంటి చోట ఫోను తెరపై 5జీ అని కనిపించినా, లోపలి రక్షణ 4జీ స్థాయిదే.

మరొక మోసం ఫోనును బలవంతంగా 2జీకి దించి, టవర్‌తో పని లేకుండా నేరుగా నకిలీ సందేశాలు గుప్పించడం. 2024లో బ్రిటన్‌లో ఇటువంటి పరికరాన్ని వాడారన్న అనుమానంపై పోలీసులు ఇద్దరిని అరెస్టు చేశారు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో 2జీని ఆపివేసే వీలు సెట్టింగులలో ఉన్నది. మీ ప్రాంతంలో 4జీ సంకేతం బాగా ఉంటే దానిని ఆపి ఉంచడం క్షేమం.

వరద వేళ

2015 డిసెంబర్ వరదలలో చెన్నై పరిసరాలలో విద్యుత్తు పోయి, నీరు చేరి మొబైల్ సేవలు విస్తారంగా స్తంభించాయి. టవర్‌కు విద్యుత్తు ఆగిన తరువాత బ్యాటరీ కొన్ని గంటలు, ఆపైన డీజిల్ జనరేటర్ ఆదుకోవాలి. దీపస్తంభం మీది స్మాల్ సెల్‌కు అంత ఏర్పాటు ఉండకపోవచ్చు. కనుక ఎత్తైన టవర్ల ఆవశ్యకత తీరిపోలేదు. కొశస్తలైయారు మీది పూండి జలాశయం నుండి మిగులు జలాలు వదిలే రోజులలో దిగువ ప్రాంతాలవారికి ముందస్తు హెచ్చరిక ప్రాణావసరం. సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో హెచ్చరిక టవర్ పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది. సిమ్ ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్నదైనా అడ్డులేదు. ఫోను సెట్టింగులలో అత్యవసర హెచ్చరికలు ఆపివేయబడి ఉంటే తెరిచి ఉంచండి. సందేశం తమిళంలో వచ్చినప్పుడు చదవగల పొరుగువారిని లేక బడికి వెళ్ళే పిల్లలను వెంటనే అడగండి.

రేడియేషన్ భయం

టవర్ నుండి వెలువడే తరంగాలు ఎక్స్-కిరణాల వలె కణంలోని అణువులను చీల్చే శక్తి గలవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2011లో రేడియో తరంగాలను, పరిమిత ఆధారాల మీద, క్యాన్సర్ కారకం కావచ్చునన్న 2బి వర్గంలో చేర్చింది. జాగ్రత్త కోసం మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుండి టవర్ల ఉద్గార పరిమితిని అంతర్జాతీయ మార్గదర్శక పరిమితిలో పదవ వంతుగా నిర్ణయించింది. మీ ఇంటి సమీపంలోని టవర్ల వివరాలు తరంగ్ సంచార్ పోర్టల్‌లో చూడవచ్చు. 4,000 రూపాయల రుసుముతో కొలత కోరవచ్చు. వదంతి విని టవర్ పనిని అడ్డుకోవడం కంటె కొలత పత్రం అడగడం మేలైన మార్గం.

పౌరులు పాటించవలసినవి

కొత్త నెట్‌వర్క్ పేరుతో పాత మోసాలు కొత్త వేషం వేస్తాయి. 5జీ ప్రారంభమైన వెంటనే ‘మీ సిమ్‌ను 5జీకి మార్చుతాం’ అంటూ లింకులు పంపి, ఓటీపీ సంపాదించి, నంబరునే తమ చేతిలోనికి తెచ్చుకొని ఖాతాలు ఖాళీ చేసే ముఠాల గురించి పలు నగరాల పోలీసులు హెచ్చరించారు. అందుకు ఎవరికీ ఓటీపీ చెప్పవలసిన పని లేదు. సందేహముంటే సంస్థ అధీకృత దుకాణానికే వెళ్ళండి.

మీ ఇంటి మిద్దె మీద టవర్ పెడితే పెద్ద అడ్వాన్సు, నెలనెలా అద్దె ఇస్తామని, దానికి ముందుగా పన్ను లేదా నిరభ్యంతర పత్రం రుసుము చెల్లించమని వచ్చే లేఖలు మోసపూరితమైనవి. టవర్ల కొరకు స్థలం అద్దెకు తీసుకోవడంలో ట్రాయ్‌కు ఏ ప్రమేయమూ లేదని ఆ సంస్థ అనేకసార్లు ప్రకటించింది. టవర్ పెట్టేవారు స్థలం యజమానికి డబ్బు ఇస్తారు; యజమాని నుండి అడగరు. స్వగ్రామంలో ఖాళీ స్థలం ఉన్న పెద్దలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఒక వ్యక్తి పేరున సాధారణంగా తొమ్మిది సిమ్‌లకు మించి ఉండరాదు. మించితే తొలిసారి 50,000 రూపాయల వరకు, ఆపైన ప్రతిసారి 2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. మోసపూరితంగా సిమ్ పొందితే మూడేళ్ళ వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పనిలో చేర్చేటప్పుడు మేస్త్రీకి, అద్దె ఇంటికి యజమానికి ఆధార్ నకలు ఇచ్చే మనవారు దాని మీద తేదీ, ఉద్దేశం వ్రాసి ఇవ్వడం మంచి అలవాటు. మీ పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూచి, మీవి కానివాటిని తెలియజేయవచ్చు. పోయిన ఫోనును నిలుపుదల చేయించడం కూడా అక్కడే. డబ్బు పోయినట్లు గుర్తించిన మరుక్షణమే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమైన కొలదీ సొమ్ము చేతులు మారుతుంది.

చివరగా, మీ వీధిలో స్తంభానికి కొత్త పెట్టె బిగించినప్పుడు, అది ఏ సంస్థది, అనుమతి ఉన్నదా, తవ్విన గొయ్యి ఎప్పుడు పూడుస్తారు అని వార్డు సభ్యుని ద్వారా గాని, వార్డు సమావేశంలో గాని, సమాచార హక్కు చట్టం క్రింద గాని అడిగే అధికారం మీకున్నది. ఓటు స్వగ్రామంలో ఉన్నా, నడిచే వీధి ఇక్కడిదే. ఆ ప్రశ్న తమిళంలో అడగలేకపోతే తెలుగులోనే వ్రాసి, తెలిసినవారిచేత అనువదింపజేసి ఇవ్వండి. సమాధానం ఇవ్వవలసిన బాధ్యత కార్యాలయానిది.